జాన్ లాక్: జీవితం, మత స్వాతంత్ర్య సిద్ధాంతం

నేటి రాజ్యాంగాలలో మత స్వాతంత్ర్యం అనే మాట లేనిది అరుదు. భారత రాజ్యాంగంలోని 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను పౌరులకే కాక వ్యక్తులందరికీ హామీ ఇస్తున్నది. ఈ హామీని మనం తరచుగా ఉదహరిస్తాం. కాని రాజ్యం ఒకరి విశ్వాసం జోలికి ఎందుకు పోరాదో కారణం చెప్పమంటే మనలో చాలామంది తడుముకుంటారు. ఆ కారణాన్ని ఐరోపాలో తర్కబద్ధంగా నిరూపించడానికి పూనుకున్నవారిలో ప్రముఖుడు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్. ఉదారవాద రాజనీతికి ఆద్యులలో ఒకడని విశ్వవిద్యాలయాలలో ఆయనను గురించి బోధిస్తారు. ప్రజల సమ్మతి లేని ప్రభుత్వం న్యాయసమ్మతం కాదన్న ఆయన సిద్ధాంతం మన విద్యార్థులకు పరీక్షల కోసమైనా తెలుసు. మత సహనాన్ని గురించి ఆయన రాసిన చిన్న లేఖ మాత్రం మనలో అంతగా ప్రచారం పొందలేదు.

ముస్లిం పాఠకుడు ఆ లేఖను శ్రద్ధగా చదవవలసిన అవసరం ఉంది. అందులో ఒకచోట లాక్, మహమ్మదీయుణ్ణి అతని మతం కారణంగా రాజ్యం నుండి దూరం చేయరాదని పేరు పెట్టి చెప్పాడు. మరొకచోట, కాన్‌స్టాంటినోపుల్ ముఫ్తీకి గుడ్డిగా విధేయుడైన మహమ్మదీయుడు, మతంలో తప్ప మిగిలిన అన్నిటా క్రైస్తవ పాలకునికి నమ్మకమైన ప్రజనే అనడం హాస్యాస్పదమన్నాడు. మొదటి మాట విని మనం సంతోషిస్తాం. రెండవ మాట విని నొచ్చుకుంటాం. రెండూ ఒకే చేతి రాత. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివి, వాటి మధ్య సంబంధమేమిటో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

జననం, విద్యాభ్యాసం

లాక్ 1632 ఆగస్టు 29న ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో రింగ్టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ఆయన పార్లమెంటు పక్షాన దళపతిగా పనిచేశాడు. ఆ పరిచయాల వల్లనే కుమారునికి 1647లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో ప్రవేశం లభించింది. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ రాజును శిరచ్ఛేదం చేసినప్పుడు లాక్ ఆ పాఠశాలలో విద్యార్థి. వధ్యస్థలం అక్కడికి ఎంతో దూరం లేదు. మతం పేరిట, రాజ్యాధికారం పేరిట ఒకే దేశస్థులు ఒకరినొకరు చంపుకున్న కాలంలో ఆయన పెరిగాడన్నది గుర్తుంచుకోదగిన విషయం.

1652లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరాడు. అక్కడ ఎడ్వర్డ్ పోకాక్ అనే పండితుడు అరబ్బీ ఆచార్యుడుగా ఉండేవాడు. పోకాక్ 1630 నుండి కొన్నేళ్ళు అలెప్పోలో ఆంగ్ల వర్తకులకు మతాచార్యుడుగా ఉండి, అక్కడి పండితుల దగ్గర అరబ్బీ అభ్యసించి, 1636లో ఆక్స్‌ఫర్డ్‌లో కొత్తగా నెలకొల్పిన అరబ్బీ ఆచార్య పీఠాన్ని మొదటగా అధిష్ఠించాడు. లాక్ ఆయనను ఎంతో గౌరవించాడు. వృద్ధాప్యంలో, 1703లో, ఆయన గుణగణాలను ప్రశంసిస్తూ ఒక దీర్ఘమైన లేఖ రాశాడు. పోకాక్ కుమారుడు 1671లో ఇబ్న్ తుఫైల్ రచించిన 'హయ్ ఇబ్న్ యఖ్‌జాన్'ను లాటిన్‌లోకి అనువదించి ప్రకటించాడు. నిర్జన ద్వీపంలో పెరిగిన బాలుడు ఎవరి బోధా లేకుండా, పరిశీలనతో, బుద్ధితో సృష్టికర్తను గుర్తించిన కథ అది. సరిగ్గా ఆ సంవత్సరమే లాక్, మానవుని జ్ఞానమంతా అనుభవం నుండే పుడుతుందని వాదించే తన మహాగ్రంథానికి తొలి చిత్తుప్రతులు రాశాడు. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని కొందరు పరిశోధకులు వాదించారు. లాక్ ఆ గ్రంథంలో ఇబ్న్ తుఫైల్ పేరు చెప్పలేదు గనుక మనం దీన్ని గొప్పగా చెప్పుకోనవసరం లేదు. ఆయన చదువుకున్న చోట అరబ్బీ విద్య సజీవంగా ఉండేదని గ్రహిస్తే చాలు.

అభిప్రాయం మారిన విధం

లాక్ పుట్టుకతో సహనవాది కాడు. 1660లో రాజరికం తిరిగి వచ్చిన తరువాత ఆయన రాసిన రెండు చిన్న గ్రంథాలలో దీనికి పూర్తిగా విరుద్ధమైన వాదం కనిపిస్తుంది. దైవం స్పష్టంగా విధించనివి, నిషేధించనివి అయిన విషయాలలో, అంటే ఆరాధన వేళలు, స్థలం, వస్త్రధారణ వంటి వాటిలో, పాలకుడు తన ఇష్టప్రకారం శాసనం చేయవచ్చుననీ, ప్రజలు శిరసావహించాలనీ ఆయన అప్పుడు రాశాడు. ఫిఖ్‌హ్ పరిభాషలో చెప్పాలంటే 'ముబాహ్' అయిన ప్రతిదీ పాలకుని చేతిలో పెట్టాడన్నమాట. అల్లర్లంటే ఉన్న భయమే ఆ రాతలకు మూలం. వాటిని ఆయన ప్రకటించలేదు. అవి పూర్తిగా అచ్చయింది ఇరవయ్యవ శతాబ్దంలోనే.

1665 చివరలో ఆయన రాజప్రతినిధి వెంట కార్యదర్శిగా జర్మను దేశాలలోని క్లీవ్స్ పట్టణానికి వెళ్ళాడు. అక్కడ కాల్విన్ మతస్థులు, లూథర్ మతస్థులు, కథోలికులు ఎవరి ఆరాధన వారు చేసుకుంటూ, ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా, తగవులు లేకుండా బతుకుతున్నారు. ఇంగ్లండులో అసాధ్యమనుకున్నది అక్కడ దైనందిన వ్యవహారంగా ఉంది. ఈ విషయాన్ని ఆయన ఆశ్చర్యంతో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కు రాసిన లేఖలో వర్ణించాడు. 1667లో సహనాన్ని సమర్థిస్తూ ఒక వ్యాసం రాసిపెట్టుకున్నాడు. తాను పుస్తకాలలో చదివినదాని కన్నా కంటితో చూసినదానికి ఎక్కువ విలువ ఇచ్చి, పాత అభిప్రాయాన్ని వదలుకోగలగడం ఆయన స్వభావంలోని మేలైన గుణం.

ప్రవాసంలో పుట్టిన లేఖ

1666లో ఆయనకు ఆష్లీ ప్రభువుతో పరిచయమైంది. తరువాత షాఫ్ట్స్‌బరీ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు ఇతడే. వైద్యం అభ్యసించిన లాక్ మరుసటి సంవత్సరమే ఆయన ఇంట చేరాడు. 1668లో ప్రభువు కాలేయంలోని కురుపుకు జరిగిన ప్రమాదకరమైన శస్త్రచికిత్స లాక్ పర్యవేక్షణలో విజయవంతమైంది. నాటి నుండి ఆయన ఆ ఇంటికి వైద్యుడే కాక ఆంతరంగిక సలహాదారు కూడా అయ్యాడు. రెండవ చార్లెస్ తరువాత కథోలికుడైన అతని సోదరుడు జేమ్స్‌కు రాజ్యం దక్కకుండా చూడాలని షాఫ్ట్స్‌బరీ నడిపిన ఉద్యమం విఫలమైంది. ప్రభువు హాలండుకు పారిపోయి 1683 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించాడు. ఆ సంవత్సరమే లాక్ కూడా దేశం విడిచి హాలండు చేరాడు. 1684లో రాజాజ్ఞ ప్రకారం ఆక్స్‌ఫర్డ్ కళాశాల ఆయన స్థానాన్ని రద్దు చేసింది. తనను పట్టి అప్పగించమని ఇంగ్లండు కోరుతున్నదని తెలిసి, మారుపేరుతో మిత్రుల ఇళ్ళలో తలదాచుకున్నాడు.

1685 అక్టోబరులో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ, ప్రొటెస్టెంటులకు 1598 నుండి రక్షణగా ఉన్న నాంట్ శాసనాన్ని రద్దు చేశాడు. వారి ప్రార్థనాలయాలను కూల్చారు. సైనికులను ఇళ్ళలో దింపి, బాధించి, మతం మార్చుకున్నట్లు సంతకాలు చేయించారు. వేలాది కుటుంబాలు సరిహద్దులు దాటి హాలండుకు వచ్చాయి. ఆ శీతకాలంలోనే, తాను కూడా శరణార్థిగా ఉన్న లాక్, తన మిత్రుడు, డచ్చి మత పండితుడు ఫిలిప్ వాన్ లింబోర్క్‌ను ఉద్దేశించి లాటిన్‌లో ఈ లేఖ రాశాడు. 1689లో అది హాలండులోని గౌడా పట్టణంలో రచయిత పేరు లేకుండా అచ్చయింది.

లేఖలోని ప్రధాన వాదం

లాక్ మొదట రెండు సంస్థల పరిధులను వేరు చేస్తాడు. ప్రాణం, స్వేచ్ఛ, ఆరోగ్యం, ఆస్తి అనే ఐహిక ప్రయోజనాలను కాపాడుకోవడానికి మనుషులు ఏర్పరచుకున్నది రాజ్యం. తమకు తోచిన రీతిలో దైవాన్ని ఆరాధించి మోక్షం పొందడానికి ఇష్టపూర్వకంగా చేరేది మత సంఘం. మత సంఘం తన నియమాలను ధిక్కరించినవానిని బహిష్కరించవచ్చు. అతని శరీరాన్ని గాని ఆస్తిని గాని తాకరాదు. రాజ్యం నేరస్థుణ్ణి శిక్షించవచ్చు. అతని విశ్వాసాన్ని విచారించరాదు.

దీనికి ఆయన మూడు కారణాలు చూపాడు. మొదటిది: ఒకని ఆత్మ సంరక్షణను దైవం పాలకునికి అప్పగించలేదు. ప్రజలు కూడా అప్పగించలేరు. పొలాన్ని మరొకరికి అప్పగించవచ్చును గాని, నా బదులు నీవు విశ్వసించు అని ఎవరూ ఎవరికీ అధికార పత్రం రాసి ఇవ్వలేరు. రెండవది: విశ్వాసమంటే అంతరంగంలోని నమ్మకం. జైలు, జరిమానా, చిత్రహింస శరీరాన్ని లొంగదీస్తాయే గాని నమ్మకాన్ని పుట్టించలేవు. మూడవది: ఒకవేళ బలప్రయోగం నమ్మకాన్ని పుట్టించగలిగినా ప్రయోజనం లేదు. రాజులకు తలకొక మతం ఉంది. ప్రతివాడూ తన రాజు మతాన్నే అనుసరించాలంటే మోక్షం మనిషి పుట్టిన దేశాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఇంతకు మించిన అసంబద్ధం లేదు.

మదర్సాలో అఖాయిద్ పాఠం చదివినవారికి రెండవ కారణం కొత్తగా తోచదు. ఈమాన్ సారం 'తస్దీఖ్', అంటే హృదయం సత్యమని అంగీకరించడమనీ, నాలుకపై మాత్రమే ఉన్న అంగీకారం నిఫాఖ్ అనీ మనకు మొదటే నేర్పుతారు. బలవంతం ముమిన్‌లను కాదు, మునాఫిఖ్‌లను తయారుచేస్తుంది. లాక్ ఈ మాటను క్రైస్తవ రాజులకు చెప్పాడు. ఏ మతానికి చెందిన రాజైనా వినదగిన మాట ఇది.

ఆచారాల విషయంలో ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ మన దేశ పాఠకుణ్ణి ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది. ఒక మనిషి తన దూడను తన ఇంట్లో చట్టబద్ధంగా కోసుకోగలిగినప్పుడు, ఆరాధనలో భాగంగా దాన్ని కోయడాన్ని రాజ్యం నిషేధించరాదు. అయితే పశువులకు జాడ్యం తగిలి మందలు నశిస్తే, వాటి సంఖ్య మళ్ళీ పెరిగే వరకు ఏ ప్రయోజనానికీ ఎవరూ దూడను కోయరాదని రాజ్యం శాసించవచ్చు. అప్పుడు ఆ చట్టం విషయం మతం కాదు, ప్రజల ఆర్థిక క్షేమం. చట్టం అందరికీ ఒకటిగా ఉండాలి. దాని కారణం ఐహికమైనదిగా ఉండాలి. ఆ కారణం సాకు కారాదు. పాలకులు ప్రజాక్షేమం పేరు చెప్పి మత సంఘాన్ని అణచే ప్రమాదం ఉందని ఆయన హెచ్చరించాడు కూడా.

చట్టం మనస్సాక్షికి విరుద్ధమైన పనిని ఆజ్ఞాపిస్తే ఏం చేయాలి? ఆ పని చేయకుండా ఉండి, దానికి విధించిన శిక్షను అనుభవించమన్నాడు లాక్. అయితే పాలకుడు తన పరిధి దాటి విశ్వాసాన్నే శాసించబోతే ఆ శాసనం మనుషులను బంధించదనీ, అటువంటి వివాదంలో అంతిమ న్యాయమూర్తి దైవమేననీ చెప్పాడు.

ముఫ్తీ ప్రసక్తి

ఇక మనల్ని నొప్పించే వాక్యం దగ్గరకు వద్దాం. ఎవరిని సహించరాదో చెప్పే సందర్భంలో అది వస్తుంది. ఒక మత సంఘంలో చేరడమంటే పరాయి రాజు సేవలో చేరడమే అయినప్పుడు, ఆ సంఘాన్ని పాలకుడు సహించనక్కరలేదని లాక్ వాదించాడు. దానికి ఉదాహరణగా ముఫ్తీని తెచ్చాడు. ఆ ముఫ్తీ ఉస్మానియా సుల్తానుకు పూర్తిగా లోబడి, అతని ఇష్టానుసారం ఫత్వాలు కల్పిస్తాడన్నాడు. లాక్ మనసులో ఉన్నది నిజానికి రోము నగరపు పోపు అనీ, కథోలికులను పేరెత్తకుండా దెప్పడానికే తురుష్కుల ముసుగు వేశాడనీ పండితులు చాలామంది భావిస్తారు. అది సబబైన వ్యాఖ్యానమే. అయినా ముసుగు మనది గనుక దాన్ని పరీక్షించే హక్కు మనకుంది.

ఖజా, ఇఫ్తాల భేదం మదర్సాలో మా ఉస్తాద్ నేర్పిన తొలి పాఠాలలో ఒకటి. ఖాజీ తీర్పు వాదిప్రతివాదులను బంధిస్తుంది. ముఫ్తీ ఫత్వా ధర్మం ఇది అని తెలుపుతుంది; దాని వెనుక పోలీసు ఉండడు. ఒక ముఫ్తీ అభిప్రాయంతో మరొక ముఫ్తీ విభేదించవచ్చు. పోపు స్థానం వంటిది సున్నీ ముస్లిములలో లేదు. కాన్‌స్టాంటినోపుల్ షేఖుల్ ఇస్లామ్‌ను సుల్తాను నియమించేవాడు, తొలగించేవాడు అన్నది నిజం. కాని పూర్తిగా లోబడి ఉండేవాడన్నది నిజం కాదు. లాక్ విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1648లో, సుల్తాన్ ఇబ్రాహీమ్‌ను గద్దె దించడానికి ఆధారమైనది షేఖుల్ ఇస్లామ్ ఇచ్చిన ఫత్వాయే.

ముస్లిములందరి రాజకీయ విధేయత ఒకేచోట ఉన్నదన్న ఊహ కూడా సరికాదు. దీనికి నిదర్శనం మన తెలుగు నేల మీదనే దొరుకుతుంది. లాక్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ లేఖ రాస్తున్న కాలంలో ఔరంగజేబు సేనలు దక్కనులో ఉన్నాయి. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాయి. రెండు వైపులా ముస్లిం పాలకులే. ఏ పక్షమూ కాన్‌స్టాంటినోపుల్ ఆజ్ఞ కోసం ఎదురుచూడలేదు. ఈ యుద్ధం తోటి ముస్లిముల మీద గనుక ధర్మసమ్మతం కాదని చెప్పి, మొగలు సామ్రాజ్య ప్రధాన ఖాజీయే పదవి వదలుకున్నాడని నాటి చరిత్ర చెబుతున్నది. అదే గోల్కొండలో అబుల్ హసన్ తానీషా దగ్గర మాదన్న అనే బ్రాహ్మణుడు ప్రధానమంత్రిగా ఉండేవాడు. 1673 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో మాత్రం ఆంగ్ల చర్చి సంస్కారం స్వీకరించనివాడు ప్రభుత్వ పదవికి అర్హుడు కాడు. అయితే ఈ పోలికతో మనం గర్వపడి ఊరుకోరాదు. 1686లో మాదన్న, అక్కన్న సోదరులు అంతఃకలహాల మధ్య హత్యకు గురయ్యారు. సుల్తాను ఆదరణ వారిని అందలమెక్కించింది. ఆ ఆదరణే తప్ప హక్కు అనేది లేకపోవడం వల్ల వారికి మరే రక్షణా లేకపోయింది.

లాక్ ఆక్షేపణకు జవాబు ఆయన లేఖలోనే మరొకచోట ఉంది. భిన్న మతస్థుల సమావేశాలు రాజద్రోహానికి నిలయాలని అనేవారికి ఆయన ఇలా సమాధానం చెప్పాడు: వారిని కుట్రలకు పురికొల్పేది వారి మతం కాదు, వారిపై జరిగే అణచివేత. నల్లని జుట్టు ఉన్నవారికో బూడిద రంగు కళ్ళున్నవారికో మిగిలినవారితో సమానంగా హక్కులు లేకుండా చేసి చూడండి; వారు కూడా ఒక్కటై పాలకునికి ప్రమాదకరమవుతారు. అందరినీ సమానంగా చూస్తే ఆ భిన్న మతస్థులే రాజ్యానికి గట్టి కాపుదల అవుతారు. ఈ న్యాయాన్ని ముఫ్తీ ఉదాహరణకు అన్వయించి ఉంటే ఆయన అనుమానం చాలావరకు వీగిపోయేది. ఒక మనిషి విధేయతను అతని నడవడిని బట్టి నిర్ణయించాలి గాని, అతని గురువు ఎక్కడో ఉన్నాడన్న ఊహను బట్టి కాదు.

ప్రోస్ట్ వేసిన ప్రశ్న

లేఖకు బలమైన ఖండన 1690లో ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చింది. జోనస్ ప్రోస్ట్ అనే మతాచార్యుడు ఇలా వాదించాడు: బలప్రయోగం నేరుగా విశ్వాసాన్ని పుట్టించలేదన్నది ఒప్పుకుంటాను. కాని మనుషులు సోమరితనం వల్ల, దురభిమానం వల్ల సత్యాన్ని పరిశీలించరు. తగుమాత్రం శిక్ష పెడితే వారు ఆగి ఆలోచిస్తారు. ఆ ఆలోచన వారిని సత్యానికి చేర్చవచ్చు. తండ్రి బెత్తం చూపి కొడుకును పాఠం ముందు కూర్చోబెట్టినట్లే ఇది కూడా.

ఈ వాదం తేలికైనది కాదు. నేటికీ ప్రతి సమాజంలోను ఎవరో ఒకరు దీన్ని వినిపిస్తూనే ఉంటారు. లాక్ దీనికి 1690లోను, 1692లోను రెండు సుదీర్ఘమైన జవాబులు రాశాడు. మరొకటి రాస్తూ అసంపూర్తిగా వదలి మరణించాడు. ఆయన జవాబుల సారం ఇది. సత్య మతానికే ఈ అధికారమని నీవంటావు. ఏది సత్య మతమో నిర్ణయించేదెవరు? ప్రతి పాలకుడు తనదే సత్యమని నమ్ముతాడు. నీవు ఇంగ్లండు రాజుకు ఇచ్చిన బెత్తాన్ని ఫ్రాన్సు రాజు కూడా అందుకుంటాడు, అదే నమ్మకంతో, అదే చిత్తశుద్ధితో. పైగా నీవు నిజంగా ఆలోచించనివారిని శిక్షించదలిస్తే నీ మతంలోనే ఆలోచించనివారు ఎందరో ఉన్నారు. వారి జోలికి పోకుండా వేరే మతంలో ఉన్నవారినే శిక్షిస్తున్నావు. నీ శిక్ష ఆలోచన లేకపోవడానికి కాదు, భేదానికి.

లాక్ ఇక్కడ సత్యం లేదని గాని, మతాలన్నీ ఒకటేనని గాని అనడం లేదు. ఆయన విశ్వాసి. సత్యాన్ని దృఢంగా నమ్మే మనిషి కూడా దాన్ని రాజు చేతిలోని బెత్తానికి అప్పగించరాదనడమే ఆయన వాదం. దీన్ మీద దృఢ విశ్వాసం గలవారు ఉదారవాదం పేరు వినగానే భయపడనక్కరలేదనడానికి ఇదే ఆధారం.

సిద్ధాంతంలోని లోపాలు

లాక్‌ను అంధంగా అనుసరించడం ఆయనకే నచ్చని పని. ఆయన నిరీశ్వరవాదులకు సహనం నిరాకరించాడు. దైవం లేదనేవాని ప్రమాణానికి విలువ ఉండదన్నది ఆయన కారణం. ఇది కూడా నడవడిని వదలి నమ్మకాన్ని శిక్షించడమే. ఆయన సూత్రానికే విరుద్ధం.

ఇంతకన్నా పెద్ద మచ్చ మరొకటి ఉంది. షాఫ్ట్స్‌బరీ కొలువులో ఉన్నప్పుడు ఆయన అమెరికాలోని కరొలైనా వలసకు 1669 నాటి శాసన పత్రం తయారుచేయడంలో కార్యదర్శిగా పాల్గొన్నాడు. ఒకే విశ్వాసం గల ఏడుగురు కలిస్తే మత సంఘం ఏర్పరచుకోవచ్చునని ఆ పత్రం ఉదారంగా చెబుతుంది. అదే పత్రం నీగ్రో బానిసల మీద స్వతంత్ర పౌరునికి సంపూర్ణాధికారం ఉంటుందని కూడా చెబుతుంది. బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయనకు వాటాలుండేవి. మనుషులందరూ సహజంగా స్వతంత్రులు, సమానులు అని ప్రభుత్వ వ్యవస్థపై రాసిన తన గ్రంథంలో ప్రకటించిన మనిషి జీవితంలోని ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చడం న్యాయం కాదు.

మన దృష్టిలో మరొక పరిమితి కూడా ఉంది. మతమంటే ముఖ్యంగా అంతరంగ విశ్వాసం, ఆరాధన అన్న ప్రొటెస్టెంటు భావన లాక్ విభజనకు పునాది. ఇబాదాత్‌తో పాటు ముఆమలాత్ కూడా దీన్‌లో భాగమని భావించే సమాజంలో ఆ గీతను ఎక్కడ గీయాలన్నది మనమే ఆలోచించి తేల్చుకోవలసిన ప్రశ్న. లాక్ ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు.

సహనమా, హక్కా?

1689లో లాక్ కొత్త రాణి కానున్న మేరీ ప్రయాణించిన ఓడలోనే ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే పార్లమెంటు సహన చట్టం చేసింది. అది ప్రొటెస్టెంటులలోని భిన్న శాఖలకు శిక్షల నుండి మినహాయింపు ఇచ్చింది. కథోలికులకు, త్రిత్వాన్ని నిరాకరించేవారికి ఇవ్వలేదు. ఆ సంవత్సరమే విలియం పాపుల్ అనే వర్తకుడు లాక్ లేఖను ఆంగ్లంలోకి అనువదించాడు. ఇక్కడ ఒక అనువాదకుడుగా నా దృష్టిని ఆకర్షించిన విశేషం ఉంది. లాటిన్ మూలంలో లాక్, అన్యమతస్థుణ్ణి గాని, మహమ్మదీయుణ్ణి గాని, యూదుణ్ణి గాని మతం కారణంగా రాజ్యం నుండి వెళ్ళగొట్టరాదన్నాడు. పాపుల్ ఆ చోట, రాజ్యంలోని పౌర హక్కులకు వారిని దూరం చేయరాదని అనువదించాడు. పౌర హక్కులు అన్న మాట అనువాదకునిది.

రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. వెళ్ళగొట్టరాదు అంటే ఉండనివ్వాలి అని. పౌర హక్కులకు దూరం చేయరాదు అంటే మిగిలినవారితో సమానంగా ఉండనివ్వాలి అని. మొదటిది సహనం. తెలుగులో సహించడమంటే నొప్పిని ఓర్చుకోవడం. సహించేవాడు పైన, సహించబడేవాడు కింద. ఓర్పు నశించిన రోజున సహనం ముగుస్తుంది. ఉర్దూలో మనం వాడే రవాదారీ అనే మాటలోనూ పోనిలే అన్న ధ్వని కొంత ఉంది. రెండవది హక్కు. దానికి ఎవరి ఓర్పుతోనూ పని లేదు.

1776లో అమెరికాలోని వర్జీనియాలో థామస్ జెఫర్సన్ మత స్వేచ్ఛ గురించి తన కోసం రాసుకున్న కాగితాలలో లాక్ నుండి ఎత్తి రాసుకున్నది ఈ వాక్యాన్నే, పాపుల్ మాటలలోనే. 1786లో అక్కడ మత స్వాతంత్ర్య చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం రక్షణ క్రైస్తవునికే కాక యూదునికి, మహమ్మదీయునికి, హిందువుకు కూడా వర్తించాలన్నది తమ ఉద్దేశమని జెఫర్సన్ వృద్ధాప్యంలో రాసిన ఆత్మకథలో స్పష్టం చేశాడు. అనువాదకుడు ఎంచుకున్న ఒక మాట ఒక శాసనకర్త ఆలోచనలోకి ఆ విధంగా చేరింది.

లాక్ తన చివరి సంవత్సరాలు ఎసెక్స్‌లోని ఓట్స్ గ్రామంలో, విదుషీమణి డామరిస్ మాషమ్ ఇంట గడిపాడు. విశ్వాసాన్ని సరళంగా వివరిస్తూ ఆయన 1695లో ప్రకటించిన గ్రంథాన్ని చూసి, ఇది తురుష్కుల విశ్వాసం లాగే ఉందని జాన్ ఎడ్వర్డ్స్ అనే ప్రత్యర్థి ఎద్దేవా చేశాడు. ఆయన 1704 అక్టోబరు 28న మరణించాడు. ఆ లేఖ తనదేనని ఆ సంవత్సరమే వీలునామాకు చేర్చిన అనుబంధంలో తొలిసారి బహిరంగంగా ఒప్పుకున్నాడు. మత స్వేచ్ఛను సమర్థించిన గ్రంథానికి కూడా పదిహేనేళ్ళు పేరు దాచుకోవలసి వచ్చిందంటే ఆ కాలపు భయం ఎంతటిదో ఊహించవచ్చు.

లాక్ నుండి మనం గ్రహించవలసినది రెండు మాటలలో చెప్పవచ్చు. అల్పసంఖ్యాకులుగా ఉన్నచోట మనం కోరవలసింది ఇతరుల ఓర్పును కాదు, అందరికీ ఉన్న హక్కును. మన విధేయతను మన నడవడితో కొలవమని కోరడానికి మనకు అధికారం ఉంది. మనం అధికసంఖ్యాకులుగా ఉన్నచోట అదే కొలత మన చేతిలో ఉంటుంది. అక్కడ ఉన్న క్రైస్తవుణ్ణి, హిందువును, మనలోనే భిన్నాభిప్రాయం గలవాణ్ణి ఆ కొలతతోనే కొలుస్తున్నామా అని ప్రశ్నించుకోవాలి. మొదటి మాట చెప్పి రెండవది మరచినవాడు ప్రోస్ట్ వాదాన్నే మరొక భాషలో వినిపిస్తున్నాడని తెలుసుకోవాలి.